నీళ్లలో లోహాల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ పూర్తిచేసింది, పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కూడా వచ్చింది. నీళ్లలో కరిగిన లోహాలు ఏయే రూపాల్లో ఉన్నాయో కొలిచే అంశం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. డేటా సైన్స్ కోర్సు చేయమంటే వినదు. రెండింట్లో ఏది మేలు?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, సబ్జెక్టులు మారుతుంటాయి గానీ నాకొచ్చే ఉత్తరాల్లో భయం ఒకటే: పిల్ల ఏం చదువుతోందంటే చుట్టాలకు ఏం చెప్పాలి? ఇలా చెప్పండి. బోరునీళ్లలో ఆర్సెనిక్ మొత్తం ఎంతుందో తెలిస్తే చాలదు. మూడో ఆక్సీకరణ స్థితిలో ఉన్నది ఐదో స్థితిలో ఉన్నదానికంటే ఎక్కువ విషం, పైగా శుద్ధి చేసేటప్పుడు ఓ పట్టాన పోదు. క్రోమియం సంగతి తిరగేసి ఉంటుంది: మూడుతో భయం తక్కువ, ఆరుతోనే ప్రమాదం. ఇక శాంపిల్‌కు గాలి తగిలితే నీళ్లలోని ఇనుము తుప్పులా మారి, ఆర్సెనిక్‌ను కూడా పట్టుకుని అడుక్కి దిగిపోతుంది. అందుకే బోరు దగ్గరే వడకట్టి, రూపాలు మారకుండా కాపాడి ల్యాబుకు తేవాలి. అక్కడ హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలో రూపాలను విడదీసి, లోహాలు అతి తక్కువగా ఉన్నా పట్టే ఐసీపీ-ఎంఎస్ అనే పరికరంతో కొలుస్తారు. ఇది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు. గణితం మీద ఇష్టమున్న పిల్లలు అందులో రాణిస్తారు. కానీ ఆరు నెలల కోర్సు చేసి, అందరూ చేసిన ప్రాజెక్టునే రెజ్యూమెలో పెట్టుకుని తిరుగుతున్న కెమిస్ట్రీ పిల్లలను చాలామందిని చూశాను. మీ అమ్మాయికి లేని ఆసక్తి మీకు ఉన్నట్టుంది. ఆ కోర్సుకు వయోపరిమితి లేదు, మీరే చేరండి!

లోహాల రూపాలు కొలిచేవారు కావాలని ప్రకటనలు రావడం అరుదే, దాచను. మామూలు నీటి పరీక్షల ల్యాబుల్లో ఎక్కువగా లోహం మొత్తం ఎంతుందో మాత్రమే కొలుస్తారు. అయితే ఐసీపీ-ఎంఎస్ మీద చేయి తిరిగితే హైదరాబాద్ ఫార్మాలోనూ పనికొస్తుంది; మందుల్లో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, పాదరసం వంటి మలినాలకు అక్కడ పరిమితులున్నాయి. పరిశోధనే కావాలంటే హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది, విశాఖలో సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఫెలోషిప్ రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000. మీ మీద భారం పడదు.

అమ్మాయిని ఒక్కటి కనుక్కోమనండి: ఆ గైడు ల్యాబులో ఐసీపీ-ఎంఎస్ సొంతంగా ఉందా, లేక శాంపిళ్లు బయటికి పంపుతారా? బయటికి పంపేటట్టయితే ఇంకో గైడును చూసుకోమనండి.