ముందు ఇంట్లో తిని బయలుదేరండి

చి. సౌ. అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు.

అక్క నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. వచ్చే శనివారం సాయంత్రం నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర ఏదో పెద్ద ఆహార ఉత్సవమట, మనిషికి ఐదు వందలు పెట్టి ముందే టికెట్లు కొన్నావట, అమ్మనూ పిల్లవాణ్నీ తీసుకువెళుతున్నావట. "అన్ని రాష్ట్రాల వంటలూ ఒకేచోట తినిపిస్తానంటోందిరా" అని చెబుతుంటే దాని గొంతులో ఎంత సంబరమో! పెళ్లయిన నాటి నుంచీ నలుగురికి వడ్డించి ఆఖర్న తినడమే తప్ప, ఒకరు వడ్డిస్తే కూర్చుని తిన్న మనిషి కాదు అక్క. దాన్ని కూర్చోబెట్టి తినిపించాలన్న ఆలోచన నీకు వచ్చిందంటే కడుపు నిండిపోయింది. కానీ ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను. వెళ్లవద్దని చెప్పడానికి మాత్రం కాదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. మెత్తటి చెప్పులు వేసుకోండి. నీళ్లు ఇంటి నుంచే తీసుకువెళ్లండి. హుస్సేన్ సాగర్ మీద నుంచి రాత్రి చలిగాలి వీస్తుంది, అక్కకు శాలువా మరచిపోకు. పిల్లవాడి జేబులో నీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టు. లోపల సీసా నీళ్లు కొనవలసి వస్తే దాని మీద అచ్చు వేసిన ధర చూసి ఇవ్వు. ఎక్కువ గుంజితే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. అంతే.

ధరల గురించి మాత్రం ఇప్పుడే మనసు గట్టి చేసుకో. అక్కడ దోసె అరచేయంత ఉంటుంది, ధర చూస్తే మన వీధి హోటల్లో ముగ్గురు తినవచ్చు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడొకడు ఇలాంటి చోట రెండుసార్లు స్టాలు పెట్టాడు. మూడు రోజులకు స్థలం అద్దె, కరెంటు, గ్యాసు, పైగా అమ్మిన ప్రతి ప్లేటులో నిర్వాహకులకు వాటా. అవన్నీ కట్టాక నాలుగు డబ్బులు మిగలాలంటే వాడు చేయగలిగినవి రెండే పనులు, ధర పెంచడం, గరిటె తగ్గించడం. కనుక స్టాలులో నిలబడ్డ పిల్లలను కసురుకోకు. పొద్దున్నుంచీ పొయ్యి సెగకు కాగిపోయి ఉంటారు పాపం.

ఇక నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. ఇది అక్కకు సగమే తెలుసు.

2012 డిసెంబరులో విజయవాడలో ఇలాంటిదే ఒకటి పెట్టారు. మైదానం నిండా రంగు దీపాలు, రెండు వరుసల్లో స్టాళ్లు. మీ అమ్మమ్మ పోయి అప్పటికి ఏడాది. తాతయ్య గుమ్మం దాటడమే మానేశారు. కరపత్రంలో ఉలవచారు అని కనబడితే అది చూపించి, బతిమాలి, బయలుదేరదీశాను. అమ్మమ్మ పోయాక ఆయన ఉలవచారు నోట పెట్టలేదు మరి. అక్కడ బాగా తినాలి కదా అని మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంట్లో ఏమీ పెట్టలేదు. ఆరున్నరకు బయలుదేరుతూ, "మాత్ర వేసుకోండి నాన్నా, వెళ్లగానే తినేద్దాం" అని షుగరు మాత్ర నా చేత్తోనే ఇచ్చాను.

వెళ్లగానే తినడం ఎక్కడ! గేటు దగ్గర ముప్పావు గంట. లోపల డబ్బు తీసుకోరు, కూపన్లు కొనాలి. దానికి మరో వరుస. వెయ్యి రూపాయలకు కూపన్లు తీసుకున్నాను. కుర్చీలు లేవు. నాన్నను ఒక సిమెంటు గట్టు మీద కూర్చోబెట్టి ఉలవచారు స్టాలు ముందు నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి అయిపోయిందన్నారు. తిరిగి వచ్చి చెబితే ఆయన, "పోనీలేరా, ఇంటికి పోదాం. నాకేమీ వద్దు" అన్నారు.

అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్లయినా చెవిలో వినబడుతూనే ఉంది. "ఇంత డబ్బు పోశాం కదా నాన్నా, పెట్టింది రాబట్టుకోకుండా ఎలా పోతాం?" అన్నాను. అని, పులావు కోసం ఇంకో వరుసలోకి వెళ్లాను.

ప్లేటుతో తిరిగి వచ్చేసరికి తొమ్మిది కావస్తోంది. డిసెంబరు చలిలో నాన్న చొక్కా వీపంతా చెమటకు తడిసి అంటుకుపోయింది. చేతిలో ఉన్న టికెట్టు ముక్కను మడత పెడుతున్నారు, విప్పుతున్నారు, మళ్లీ మడత పెడుతున్నారు. నన్ను చూసి మా బాబాయి పేరు పెట్టి పిలిచారు. బాబాయి పోయి అప్పటికే పదేళ్లు. ముద్ద నోటికి అందిస్తే నమలడం లేదు, అలాగే పెట్టుకుని ఉన్నారు. వేలుతో తీసేశాను. పళ్లరసం స్టాలుకు పరుగెత్తితే వరుసలో రమ్మన్నారు. పంచదార ఇమ్మంటే ఎవరికీ నా మాట అర్థం కాలేదు. నలభై ఏళ్లు పెళ్లిళ్లకు వండినవాణ్ని, అన్ని పొయ్యిలు మండుతున్న చోట కన్నతండ్రి కోసం చెంచాడు పంచదార సంపాదించలేకపోయాను అమ్మలూ! చివరికి జిలేబీ బాణలి దగ్గరున్న కుర్రవాడు నా ముఖం చూసి, ఒక్క మాట అడగకుండా, ఆకు దొన్నెలో ఇంత పాకం పోసి చేతిలో పెట్టాడు. అందులో కాసిని నీళ్లు కలిపి కొద్దికొద్దిగా తాగించాను. పావుగంటకు నాన్న నా వైపు చూసి, "ఎందుకురా ఏడుస్తున్నావు?" అన్నారు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి పెరుగన్నం తిని పడుకున్నారు. మిగిలిన కూపన్లు, ఆరు వందల నలభై రూపాయలవి, నా ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. పారేయడానికి చేయి రాలేదు.

అందుకే చెబుతున్నాను, శనివారం సాయంత్రం ముగ్గురూ ఇంట్లో తినే బయలుదేరండి. అక్కడికి రుచి చూడడానికి వెళ్లండి, ఆకలితో వెళ్లవద్దు. అమ్మ షుగరుకు ఏ మాత్రలు వేసుకుంటోందో ఒకసారి చూడు. గ్లిమిపిరైడ్ లాంటివి వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగరు పడిపోతుంది. ఆ రోజు మాత్ర ఎప్పుడు వేయాలో డాక్టరును అడిగి తెలుసుకో, నీ అంతట నువ్వు మార్చకు. సంచిలో గ్లూకోజు పొట్లం, షుగరు చూసే మిషను ఉండాలి. చెమటలు, వణుకు, ఊరికే చిరాకు, మాట తడబాటు, వీటిలో ఏది కనబడినా మిషనులో చూడు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడు. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వు. ఐస్‌క్రీము, చాక్లెట్టు పనికిరావు, వాటిలో కొవ్వు ఉంటుంది కనుక తీపి ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. స్పృహ తప్పితే మాత్రం నోట్లో చుక్క కూడా పోయవద్దు, వెంటనే 108కి ఫోను చెయ్యి. భయపెడుతున్నానని అనుకోకు తల్లీ. భయపడేది నేను.

తినే విషయంలో నా వృత్తి చెప్పే మాట ఒక్కటే, కళ్ల ముందు కాలినదీ వేగినదీ తిను. మూత తీస్తే ఆవిరి రాని బిర్యానీ, ఎన్ని గంటల కింద దించారో తెలియని అన్నం, కోసి పెట్టిన పండ్లు, ఐసు ముక్కలు వేసిన రసాలు, ఎండలో ఉన్న పచ్చళ్లు వద్దు. నూనె నల్లబడి, నురగ కట్టి, ముక్కుకు ఘాటుగా తగులుతుంటే ఆ స్టాలు దాటిపో. పిల్లవాడు మోమోలు అడుగుతాడు. వేడి వేడిగా ఆవిరి మీద ఉన్నవైతే పెట్టు, పక్కన ఇచ్చే తెల్లటి మయోనైజు వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజును 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది, ఊరికే కాదు. అక్కకు ఇష్టమని పూతరేకులు కొంటావేమో, పొడి సరుకు కనుక పాడవదు. ఒక్కటి ఇద్దరూ పంచుకోండి, ఆపైన వద్దు.

ఇంకొక్కటి. అక్క ఎప్పుడు "పోదాం" అంటే అప్పుడే లేవండి. పది నిమిషాలకే అన్నా సరే, కూపన్లు మిగిలినా సరే. అది ఒక్కసారే అంటుంది, రెండోసారి అనదు. నాన్న పోలిక. అవసరమైతే ఆ డబ్బు నేను పంపిస్తాను, మొహమాటపడకు.

ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించు. నాన్నకు దారిలో కళ్లు తిరిగాయని మాత్రమే అప్పట్లో చెప్పాను. మాత్ర నేనే ఇచ్చానని, ఇంటికి పోదామని ఆయన అడిగితే నేను వినలేదని చెప్పలేకపోయాను. ఫోనులో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాతి శనివారం రాత్రి ఉలవలు నానబెట్టి, ఆదివారం పొద్దున్నే పొయ్యి ఎక్కించి, కట్టు చిక్కబడే దాకా కదలకుండా కూర్చుని అమ్మ పద్ధతిలో చారు కాచాను. పైన ఇంత మీగడ వేసి పెట్టాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. రెండోసారి కంచం నా వైపు జరిపారు.

సంక్రాంతికి మీరు ముగ్గురూ రండి. ముందు రోజు ఫోను చేస్తే ఉలవలు నానబెడతాను. శనివారం మాత్రం ఇల్లు చేరగానే ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మామయ్య