మేనకోడలికి పిస్టల్ చేయించి ఇద్దామంటే బావ మండిపడ్డాడు

ప్రశ్న: మాది వరంగల్. మా అక్క కూతురికి పదహారేళ్లు, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. క్లబ్బు పిస్టల్ చేతికి కుదరడం లేదంటుంది. పుట్టినరోజుకు తెలిసిన లేత్ మేస్త్రీతో ఒకటి చేయిద్దామనుకుని, బావకు చెప్పొద్దని అక్కకు చెప్పాను. ఆయనకు తెలిసిపోయింది. ఇంటర్ పాడవుతుందని కోపం. అక్క కూడా ముభావంగా ఉంటోంది. ఏం చేయాలి?

జవాబు: లేత్ మేస్త్రీ మాట మర్చిపోండి. ఎయిర్ పిస్టల్ సిలిండర్‌లో గాలి దాదాపు 200 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. కారు టైరులో రెండు బార్లకు కాస్త పైన, అంతే. మర సరిగా పడకపోతే పగిలేది పిల్ల మొహం దగ్గరే. పైగా పోటీలో పిస్టల్ బరువు 1500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపాలి. తనిఖీలో బరువు వేలాడదీసి మరీ చూస్తారు.

అసలు ఆ అమ్మాయి అడిగింది పిస్టల్ కాదు, చేతికి కుదిరే పిడి. షూటర్లు గ్రిప్ అంటారు. అది విడిగా ఊడొచ్చే భాగం. కోచ్ ఒప్పుకుంటే తన గ్రిప్ తనే ఉంచుకుని, తన వంతు రాగానే క్లబ్బు పిస్టల్‌కు బిగించుకోవచ్చు. మోడల్ పేరు, కుడిచేయో ఎడమచేయో, సైజు కనుక్కుని చెక్క గ్రిప్ కొనండి. సైజు రెండింటి మధ్య ఊగితే పెద్దదే తీసుకోండి.

తర్వాతి పని కోచ్ ఎదుట జరగాలి. పిస్టల్ ఖాళీగా ఉందని చూసి, సిలిండర్ తీసి, గ్రిప్ విప్పాలి. అరచేతికి లిప్‌స్టిక్ పల్చగా రాసి పట్టుకోమనండి. చెక్క మీద ముద్ర గాఢంగా పడినచోటే ఒత్తుతోంది. అక్కడ 80 నంబరు గరుకు కాగితంతో కొద్దికొద్దిగా అరగదీయాలి. ఖాళీ ఉన్నచోట రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పుట్టీ పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి పట్టుకుంటే అచ్చు పడుతుంది. సాధన అయ్యాక, చెయ్యి వేడెక్కి కాస్త ఉబ్బినప్పుడు కొలత తీయాలి. పొద్దున్నే తీస్తే పోటీలో నలభయ్యో షాట్‌కల్లా బిగుసుకుపోయి చెయ్యి వణుకుతుంది. మణికట్టుకు ఆనేలా మాత్రం పుట్టీ పెంచొద్దు, నిబంధన ఒప్పుకోదు.

కుదిరిందో లేదో తేల్చడానికి కళ్లు మూసుకుని చెయ్యెత్తి, ఆపి, తెరవమనండి. గురి చూసే ముందు సైట్, వెనక సైట్‌లో ఉన్న గాడికి మధ్యలో కనబడాలి. ప్రతిసారీ ఒకే పక్కకు పోతుంటే గ్రిప్ కోణం మార్చాలి, మణికట్టును కాదు.

ఇదంతా ఆమె చెయ్యి లేకుండా జరగదు కాబట్టి ఆశ్చర్యపరిచే కానుక ఆలోచన ఇక్కడితో సరి. ముందు అక్కకు క్షమాపణ చెప్పండి. భర్త దగ్గర దాచమని ఆమెను ఇరికించింది మీరే. తర్వాత బావగారి దగ్గరకు ఒక్కరే వెళ్లి, 'పిస్టల్ కొనడం లేదు బావా, గ్రిప్ ఒక్కటే, అదీ నువ్వు సరేనంటేనే' అనండి. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పేరు ఎత్తకండి. పోలిక పెడితే ఆయన భయం రెట్టింపవుతుంది, పిల్ల మీద బరువూ పడుతుంది. పరీక్షల నెలల్లో సాధన ఎన్ని రోజులో ఆయన్నే చెప్పమనండి. గ్రిప్ సరిచేసే రోజున రేంజ్‌కు ఆయన్నీ రమ్మనండి, గ్రిప్ బిగించే అల్లెన్ కీ ఆయన చేతికే ఇవ్వండి.