చరిత్ర సందేహాలు: రెండవ జేమ్స్ సింహాసనాన్ని ఎలా పోగొట్టుకున్నాడు?

ఇంగ్లండ్‌ను ఏలిన చివరి కేథలిక్ రాజు రెండవ జేమ్స్ (పాలన 1685–1688) గురించి పాఠకులు పంపిన ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము. ఇంగ్లండ్, ఐర్లండ్ సంఘటనల తేదీలను అప్పట్లో అక్కడ వాడుకలో ఉన్న జూలియన్ పంచాంగం ప్రకారమే ఉంచాము. నేటి లెక్కకు వాటికి పది రోజులు కలుపుకోవాలి.

ప్రశ్న: జేమ్స్ కేథలిక్ అని తెలిసే కదా 1685లో పట్టం కట్టారు! అలా ఒప్పుకున్నవారే నాలుగేళ్ళు తిరగకముందే ఆయనను ఎందుకు వదులుకున్నారు? మతమొక్కటే కారణమా? (డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

మతం కారణమే గాని, అదొక్కటే అయితే మీరు అడిగిన చిక్కు విడిపోదు. ఆయన మతం 1685లో ఎవరికీ కొత్త సంగతి కాదు. ప్రభుత్వ పదవిలో ఉన్నవారందరూ ఇంగ్లండ్ అధికారిక ప్రొటెస్టెంట్ చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలో ప్రభు భోజన సంస్కారం స్వీకరించి, కేథలిక్ సిద్ధాంతాన్ని నిరాకరిస్తూ ప్రమాణం చేయాలని 1673లో పార్లమెంటు టెస్ట్ చట్టం చేసింది. దానికి ఒప్పుకోలేక ఆయన నౌకాదళాధిపతి పదవికి రాజీనామా చేసినప్పుడే గుట్టు బయటపడింది. అన్న రెండవ చార్లెస్‌కు ధర్మపత్ని వలన సంతానం లేదు గనుక తరువాతి రాజు కేథలిక్ అవుతాడన్న భయం దేశాన్ని పట్టుకున్నది. జేమ్స్‌ను వారసత్వం నుంచి తప్పించాలని 1679 నుంచి 1681 వరకు మూడు పార్లమెంటులలో పోరు నడిచింది. తప్పించాలన్న విగ్గులు, వద్దన్న టోరీలు అనే పక్షాలు ఏర్పడినది ఈ పోరులోనే.

అప్పుడు జేమ్స్‌ను కాపాడినది కేథలిక్కులు కాదు. వారు ఇంగ్లండ్ జనాభాలో నూటికి ఒకరిద్దరికి మించరు. కాపాడినది టోరీలు, వారి వెనుక నిలిచిన ఆంగ్లికన్ చర్చి. వారసత్వ హక్కు దైవదత్తమని, పార్లమెంటు దానిని మార్చడం మొదలుపెడితే మళ్ళీ అంతర్యుద్ధం తప్పదని వారు నమ్మారు. 1649లో జేమ్స్ తండ్రి మొదటి చార్లెస్ తల నరికించిన దారుణాన్ని కళ్ళారా చూసిన తరం ఇంకా బ్రతికే ఉన్నది. దీనికి తోడు ఒక లెక్క కూడా పనిచేసింది. సింహాసనం ఎక్కేనాటికి జేమ్స్‌కు 51 ఏళ్ళు. మొదటి భార్య వలన కలిగిన కుమార్తెలు మేరీ, ఆన్ ఇద్దరూ ప్రొటెస్టెంట్లుగానే పెరిగారు. రెండవ భార్య, మోడెనా రాకుమారి మేరీకి పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. కాబట్టి కొన్నేళ్ళు ఓపిక పడితే రాజ్యం మళ్ళీ ప్రొటెస్టెంట్ చేతికే వస్తుందని జనం సరిపెట్టుకున్నారు.

ఆరంభం బాగానే ఉన్నది. చట్టప్రకారం ఏర్పడిన చర్చిని కాపాడతానని రాజు మాట ఇచ్చాడు. పార్లమెంటు ఆయనకు జీవితకాలం సరిపడే ఆదాయాన్ని మంజూరు చేసింది. 1685 జూన్‌లో రెండవ చార్లెస్ అక్రమ సంతానమైన మన్మత్ ప్రభువు ప్రొటెస్టెంట్ పక్షాన తిరుగుబాటు లేవదీస్తే, జూలై 6న సెడ్జ్‌మూర్ దగ్గర రాజసైన్యం దానిని అణచివేసింది. ఆ తరువాత జడ్జి జెఫ్రీస్ నడిపిన విచారణలలో సుమారు 300 మందికి మరణశిక్ష పడి అమలయింది, దాదాపు 800 మందిని వెస్టిండీస్ తోటలకు కట్టుబానిసలుగా తరలించారు. జేమ్స్‌ను చెడగొట్టినది ఈ సులువైన విజయమేనని నా అభిప్రాయం. దేశం తన పక్షాన ఉన్నదని ఆయన అనుకున్నాడు గాని, దేశం నిలబడినది చట్టబద్ధమైన వారసత్వం పక్షాన.

తిరుగుబాటు పేరు చెప్పి పెంచిన సైన్యాన్ని ఆయన రద్దు చేయలేదు. పైగా టెస్ట్ చట్టాన్ని కాదని అందులో కేథలిక్ అధికారులను నియమించాడు. నవంబరులో పార్లమెంటు అభ్యంతరం చెప్పగానే సమావేశాలను వాయిదా వేశాడు. ఆయన పాలనలో అది మళ్ళీ కూర్చోలేదు. సరిగ్గా అంతకు ముందు నెలలోనే ఫ్రాన్సులో పద్నాలుగవ లూయీ నాంట్ శాసనాన్ని రద్దు చేసి ప్రొటెస్టెంట్లకు ఉన్న రక్షణను తీసివేశాడు. ప్రాణాలు అరచేత పట్టుకుని లండన్ చేరిన హ్యూగెనాట్లు (ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు) కేథలిక్ రాజు తలచుకుంటే ఏమి చేయగలడో వీధివీధినా చెబుతున్న సమయంలో జేమ్స్ ఎంత మంచి మాట చెప్పినా వినే చెవి కరవయింది.

1686లో గాడెన్–హేల్స్ వ్యాజ్యంలో, వ్యక్తులకు చట్టం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం రాజుకు ఉన్నదని పన్నెండుమంది న్యాయమూర్తులలో పదకొండుగురు తీర్పు చెప్పారు. దీనికి ముందే, అడ్డు చెప్పగల న్యాయమూర్తులను రాజు తొలగించాడు. రాజాధికారాన్ని ఆయన ఎవరి మీద ప్రయోగించాడో చూడండి. లండన్ బిషప్ కాంప్టన్‌ను విధుల నుంచి తప్పించాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని మాడ్లెన్ కళాశాలలో తాను సూచించిన వ్యక్తిని అధ్యక్షునిగా ఎన్నుకోలేదని 1687లో అక్కడి ఫెలోలను (కళాశాల సభ్యులైన పండితులను) వెళ్ళగొట్టించాడు. రాజుకు ఎదురు తిరగడం పాపమని ఏళ్ళ తరబడి బోధించిన విశ్వవిద్యాలయం అది! జిల్లాలలో మేజిస్ట్రేటు పదవుల నుంచి తొలగించినవారిలోనూ టోరీలే ఎక్కువ. తనను 1681లో నిలబెట్టిన స్తంభాలను ఆయన తానే ఒక్కొక్కటిగా పడగొట్టుకున్నాడు.

కేథలిక్కులకు, ఆంగ్లికన్ చర్చిలో చేరని ప్రొటెస్టెంట్లకు ఆరాధనా స్వేచ్ఛ ఇస్తూ 1687లో చేసి, 1688 ఏప్రిల్‌లో రెండవసారి జారీ చేసిన మత సహన ప్రకటనను చర్చిలలో చదివి వినిపించాలని రాజు ఆజ్ఞాపించినప్పుడు, ప్రధానాచార్యుడు సాంక్రాఫ్ట్‌తో సహా ఏడుగురు బిషప్పులు అది చట్టవిరుద్ధమని విన్నపం సమర్పించారు. రాజద్రోహపు రాతగా పరిగణించి వారిని లండన్ టవర్‌లో నిర్బంధించారు. జూన్ 30న జ్యూరీ వారిని నిర్దోషులుగా ప్రకటించినప్పుడు హౌన్స్‌లో మైదానంలో విడిది చేసిన రాజసైనికులే హర్షధ్వానాలు చేశారు. ఆ ఏడుగురిలో ఐదుగురు తరువాతి కాలంలో, జేమ్స్ స్థానంలో రాజైన విలియమ్‌కు విధేయతా ప్రమాణం చేయడానికి కూడా ఒప్పుకోలేదు. ఒకసారి జేమ్స్‌కు ప్రమాణం చేశాము గనుక మరొకరికి చేయలేమని వారి వాదన. అంతటి రాజభక్తులను ముద్దాయిలుగా నిలబెట్టిన రాజుకు ఇక మిగిలేదెవరు?

బిషప్పులు టవర్‌లో ఉండగానే జూన్ 10న రాణికి మగబిడ్డ పుట్టాడు. తండ్రి మతంలోనే పెరగబోయే ఆ బిడ్డ చట్టప్రకారం అక్కలిద్దరినీ దాటి వారసుడవుతాడు. ఓపిక పడదామన్న పాత లెక్క ఆనాటితో తలకిందులయింది. అంతవరకు ఒక మనిషి జీవితకాలానికి పరిమితమని భావించిన సమస్య వంశ సమస్యగా మారింది. మతమొక్కటే కారణమా అని మీరు అడిగారు గాని, 1688 జూన్ తరువాత మతాన్ని, వారసత్వాన్ని విడదీసి చూడడం సాధ్యం కాదు.

ప్రశ్న: ఆ బిడ్డ రాణికి పుట్టలేదని, పక్క వెచ్చచేసే పళ్ళెంలో దాచి వేరే బిడ్డను తెచ్చారని చదివాను. ఇందులో నిజమెంత? (గృహిణి, తెనాలి)

నిజం లేదు. ఆ కాలపు ఆచారం ప్రకారం రాజకుటుంబంలో ప్రసవం బహిరంగంగా, పలువురు దర్బారు ప్రముఖుల సమక్షంలోనే జరిగింది. అయినా ప్రధానాచార్యుడు టవర్‌లో ఉన్నాడు, రెండవ కుమార్తె ఆన్ బాత్ పట్టణంలో ఉన్నది, గదిలో ఉన్నవారిలో కేథలిక్కులు ఎక్కువ అనే సాకులతో పుకారు ముదిరింది. చివరకు అక్టోబరులో రాజే నలభై మందికి పైగా సాక్షులను పిలిపించి, కన్నబిడ్డ తనదేనని తన సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్‌లో రుజువు చేసుకోవలసి వచ్చింది. ఆన్ తన అక్కకు రాసిన ఉత్తరాలలో ఈ అనుమానాన్నే పోషించడం గమనించదగినది. నమ్మితే తమకు కిరీటం దక్కుతుంది. నమ్మకపోతే కన్నతండ్రికి, పసితమ్ముడికి ద్రోహం చేసినట్లవుతుంది. జనంలో చాలామందికి కూడా ఈ పుకారు ఆ విధంగానే అక్కరకు వచ్చిందని చెప్పాలి.

ప్రశ్న: అన్ని మతాలకూ స్వేచ్ఛ ఇచ్చిన జేమ్స్‌ను నిరంకుశుడనడం న్యాయమేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్)

1687 నాటి ప్రకటన కేథలిక్కులకే కాక, ఆంగ్లికన్ చర్చిలో చేరని ప్రొటెస్టెంట్లకు కూడా ఆరాధనా స్వేచ్ఛను ఇచ్చిన మాట వాస్తవం. అలా చేరని వర్గాలలో ఒకటైన క్వేకర్ల నాయకుడు విలియమ్ పెన్ దానిని మనస్ఫూర్తిగా సమర్థించాడు, ఎందరో క్వేకర్లు చెరసాలల నుంచి విడుదలయ్యారు. ఆ మేరకు ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కాలి. అయితే పార్లమెంటు చేసిన చట్టాలను ఒక్క రాజాజ్ఞతో పక్కన పెట్టగలిగినవాడు, మరునాడు మరో ఆజ్ఞతో ఆ స్వేచ్ఛను కూడా పక్కన పెట్టగలడు. ఆంగ్లికన్ చర్చిలో చేరని ఈ అసమ్మతివాదులలో ఎక్కువమంది ఆయన కానుకను పూర్తిగా నమ్మకపోవడానికి కారణం ఇదే. ఆయన ఉద్దేశం నిజాయితీ గలదేనని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. నాకూ అలాగే అనిపిస్తుంది గాని, పద్ధతిని మాత్రం సమర్థించలేను.

ప్రశ్న: విలియమ్ దండెత్తి వచ్చాడా, పిలిస్తే వచ్చాడా? ఆయన జేమ్స్‌కు అల్లుడే కదా! (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు)

అల్లుడే కాదు, మేనల్లుడు కూడా. జేమ్స్ అక్క కొడుకు, హాలండ్ పాలకుడు అయిన ఆరెంజ్ విలియమ్‌కు జేమ్స్ పెద్ద కుమార్తె మేరీని 1677లో ఇచ్చారు. మన లెక్కలో అది అచ్చమైన మేనరికం. బిషప్పులు విడుదలైన రోజునే ఏడుగురు ప్రముఖులు ఆయనను రమ్మని రహస్యంగా లేఖ రాశారు. వారిలో విగ్గులు, టోరీలు ఇరువురూ ఉన్నారు, విధుల నుంచి తప్పించిన బిషప్ కాంప్టన్ కూడా ఉన్నాడు. కానీ విలియమ్ సన్నాహాలు అంతకు ముందే మొదలయ్యాయి. లూయీని ఎదిరించడానికి ఇంగ్లండ్ నౌకలు, ధనం ఆయనకు అవసరం. ఆయన నాలుగు వందలకు పైగా నౌకలతో, పదిహేను వేలకు తగ్గని సైన్యంతో నవంబరు 5న టోర్‌బేలో దిగాడు. దీనిని ఆహ్వానం అందుకుని వచ్చిన దండయాత్ర అనడమే సబబు. ఇది కేవలం కేథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు నడుమ జరిగిన పోరు కాదనడానికి మరో నిదర్శనం ఉన్నది. లూయీతో తీవ్ర వైరంలో ఉన్న పోపు పదకొండవ ఇన్నోసెంట్ జేమ్స్ తొందరపాటును మెచ్చుకోలేదు, ఆయన పతనాన్ని ఆపడానికీ ముందుకు రాలేదు.

జేమ్స్ సేన సంఖ్యలో పెద్దదే. అయినా సాలిస్‌బరీ చేరిన రాజుకు ముక్కు నుంచి పదే పదే రక్తం కారి ఆరోగ్యం, ధైర్యం రెండూ సడలాయి. సెడ్జ్‌మూర్ విజయానికి కారకులలో ఒకడైన సేనాని చర్చిల్ శత్రుపక్షంలో కలిసిపోయాడు, ఆ వెంటనే కూతురు ఆన్ కూడా వెళ్ళిపోయింది. డిసెంబరు 11 తెల్లవారుజామున రాజు పారిపోతూ, తాను లేకుండా పార్లమెంటును పిలవడానికి వీలులేకుండా రాజముద్రను థేమ్స్ నదిలో విసిరివేశాడు. ఫావర్షామ్ దగ్గర జాలరులు ఆయనను మారువేషంలో ఉన్న మతాచార్యుడనుకుని పట్టుకున్నారు. లండన్‌కు తిరిగి తెచ్చినప్పుడు జనం జయజయధ్వానాలు చేశారు! ఈ ఇబ్బంది విలియమ్‌కు బాగా తెలుసు. అందుకే రోచెస్టర్‌కు పంపించి, కాపలాను కావాలనే సడలించి, డిసెంబరు 23న ఫ్రాన్సుకు తప్పించుకుని పోనిచ్చాడు. ఆ పలాయనాన్నే సింహాసన పరిత్యాగంగా పరిగణించి 1689 ఫిబ్రవరిలో విలియమ్, మేరీ దంపతులకు కిరీటాన్ని అప్పగించారు.

ప్రశ్న: ఆయన మళ్ళీ ప్రయత్నించలేదా? (పాఠకురాలు, ఖమ్మం)

ప్రయత్నించాడు. కేథలిక్కులు అత్యధికంగా ఉన్న ఐర్లండ్‌లో 1689 మార్చి 12న ఫ్రెంచి సహాయంతో దిగాడు. ప్రొటెస్టెంట్ల పట్టులో ఉన్న డెర్రీ నగరం 105 రోజుల ముట్టడికి తట్టుకుని నిలిచింది. 1690 జూలై 1న బాయిన్ నది ఒడ్డున మామా అల్లుళ్ళు ముఖాముఖి తలపడగా, జేమ్స్ ఓడి మళ్ళీ ఫ్రాన్సుకు చేరాడు. ఆయన వెళ్ళిపోయినా ఐర్లండ్ కేథలిక్కులు 1691లో లిమరిక్ లొంగిపోయే దాకా పోరాడారు. జేమ్స్ 1701 సెప్టెంబరులో సాన్-జెర్మేన్‌లో మరణించాడు. ఆయన మనుమడు చార్లెస్ ఎడ్వర్డ్ 1746లో కలొడెన్ దగ్గర ఓడిపోవడంతో ఆ వంశపు ఆశలు అడుగంటాయి.

ప్రశ్న: ఈ రాజుకు మన ప్రాంతంతో ఏమైనా సంబంధం ఉన్నదా? (పాఠకుడు, నెల్లూరు)

నేరుగా కాకపోయినా ఉన్నది. మద్రాసు నగరపాలక సంస్థను ఏర్పాటు చేసిన 1687 డిసెంబరు నాటి శాసనపత్రాన్ని ఈస్టిండియా కంపెనీ జేమ్స్ అనుమతితో, ఆయన కాలంలోనే జారీ చేసింది. గోలకొండ ఔరంగజేబు వశమైనది కూడా ఆ ఏటనే. పాలకమండలి 1688 సెప్టెంబరు 29న పని మొదలుపెట్టేనాటికి ఇంగ్లండ్‌లో రాజుకు మిగిలినవి మూడు నెలలే.

ప్రశ్న: ఇప్పుడైనా బ్రిటన్‌కు కేథలిక్ రాజు కావచ్చా? (న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం)

కాలేరు. 1689 హక్కుల చట్టం, 1701 వారసత్వ చట్టం కేథలిక్కులనే కాక, కేథలిక్కులను పెళ్ళాడినవారిని కూడా సింహాసనానికి అనర్హులను చేశాయి. 2013లో చేసి 2015 నుంచి అమలుపరిచిన కొత్త చట్టం ఆ వివాహ నిషేధాన్ని ఎత్తివేసింది. రాజు లేదా రాణి స్వయంగా కేథలిక్ కారాదన్న నిబంధన మాత్రం నేటికీ అలాగే ఉన్నది.