సైట్ వంకరా, గురి వంకరా?

ప్రశ్న: నా దగ్గర పాత మోసిన్-నాగాంత్ 91/30 రైఫిల్ ఉంది, సైన్యం వాడి వదిలేసిన సరుకు. వంద మీటర్ల దగ్గర ఇసుక సంచి మీద ఆనించి కాల్చినా షాట్లన్నీ 20 సెంటీమీటర్లు కుడికి, 25 సెంటీమీటర్లు పైకి పడుతున్నాయి. బ్యాక్‌సైట్ (కంటికి దగ్గరుండే గురి గాడి) అన్నిటికన్నా కింది గుర్తు మీదే ఉంది. దగ్గరగా చూస్తే ఫోర్‌సైట్ (బ్యారెల్ మూతి దగ్గరుండే గురి పుల్ల) తన గాడిలో మధ్యలో లేదు, ఎడమకి జరిగి ఉంది. సుత్తితో ఒక్కటి తగిలిస్తే చాలని మా ఫ్రెండ్ అంటున్నాడు. బ్యారెల్ వంగిందేమోనని నా టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ సుత్తి మీ ఫ్రెండ్‌కే ఇచ్చేయండి. షాట్లన్నీ ఒకేచోట గుంపుగా పడుతున్నాయంటే రైఫిల్ ఆరోగ్యంగానే ఉందన్నమాట, దాని గురి ఒక్కటే వేరేచోట ఉంది. చెల్లాచెదురుగా పడుతుంటే మాత్రం సైట్ జోలికి వెళ్లడం దండగ, ఎందుకంటే అప్పుడు తప్పు వదులైన స్క్రూలదో, ఉబ్బి బ్యారెల్‌ని ఒక పక్క నొక్కుతున్న చెక్కదో, అరిగిపోయిన బ్యారెల్ మూతిదో అయి ఉంటుంది. అందుకే మొదట రైఫిల్ ఖాళీ చేసి, ఛాంబర్‌ని (తూటా కూర్చునే చోటుని) కంటితో చూసి వేలితో తడిమి, అప్పుడు చెక్కని పట్టుకున్న రెండు పెద్ద స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. వంగిన బ్యారెల్ సంగతి తెలియాలంటే బోల్ట్ (ఛాంబర్‌ని వెనకనుంచి మూసే కడ్డీ) తీసేసి వెలుతురు వైపు పెట్టి లోపలికి చూడండి. తిన్నని బ్యారెల్‌లో వెలుగు వలయాలు గుండ్రంగా, ఒకదాని మధ్యలో ఒకటి కనిపిస్తాయి. వంగితే అవి ఒక పక్కకి సాగినట్టు ఉంటాయి. అలా కనిపిస్తే ఇక కాల్చకండి, గన్‌స్మిత్‌కి చూపించండి.

మీరు బాయొనెట్ (తుపాకి కొసన తగిలించే ఇనుప మొన) గురించి ఒక్క మాట కూడా రాయలేదు. అసలు గుట్టు అక్కడే ఉండొచ్చు. సోవియట్ సైన్యం ఈ రైఫిల్‌కి గురి సరిచేసింది బాయొనెట్ తగిలించి ఉంచే. అంత పొడవు ఇనుము బ్యారెల్ కొసన కుడి పక్కకి వేలాడుతుంటే, కాల్చినప్పుడు బ్యారెల్ అదిరే తీరే మారిపోతుంది. దాన్ని తీసేసి కాలిస్తే తూటా వేరేచోట పడుతుంది, ఎటు ఎంత అన్నది ఒక్కో రైఫిల్‌ది ఒక్కో లెక్క. అంటే మీ ఫోర్‌సైట్ ఎడమకి జరిగి ఉండటం ఎవరో చేసిన పాడు పని కాకపోవచ్చు, ఫ్యాక్టరీలోనో రిపేరు డిపోలోనో కావాలనే అలా పెట్టి ఉండొచ్చు. సైట్ అడుగు నుంచి దాన్ని పట్టుకున్న దిమ్మ మీదికి ఉలితో కొట్టిన సన్నని గీత ఉందేమో భూతద్దంతో చూడండి. ఆ గీత రెండు ముక్కలూ ఒకే వరసలో కలిసి ఉంటే సైట్ అప్పటినుంచీ కదలలేదు. గీత తెగి పక్కకి జరిగి ఉంటే ఎవరో తర్వాత కదిలించారు. బాయొనెట్ దొరికితే తగిలించి ఒకసారి కాల్చి చూడండి, సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

అది లేకుండానే కాల్చాలంటే సైట్ జరపాల్సిందే. ఇక్కడ చాలామంది తిరగేసి చేస్తారు. ఫోర్‌సైట్‌ని తూటా తప్పిన వైపుకే జరపాలి: కుడికి పోతుంటే కుడికి. ఫోర్‌సైట్ ఎడమకి ఉన్నప్పుడు దాన్ని బ్యాక్‌సైట్ గాడి మధ్యకి తేవడానికి మీరు బ్యారెల్ మూతిని కుడికి తిప్పుతారు, తూటా అటే పోతుంది. ఎంత జరపాలో కూడా ఊహించనక్కర్లేదు. ఈ రైఫిల్‌లో రెండు సైట్ల మధ్య దూరం సుమారు 622 మిల్లీమీటర్లు. తప్పిన దూరాన్ని ఆ సంఖ్యతో గుణించి, కాల్చిన దూరంతో భాగించండి, అన్నీ మిల్లీమీటర్లలోనే. మీ 20 సెంటీమీటర్లకి 200 ఇంటూ 622, బై లక్ష. వచ్చేది 1.24 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్ కన్నా కాస్త ఎక్కువ, సుత్తి దెబ్బకి అందే లెక్కా ఇది? స్క్రూతో నెమ్మదిగా నెట్టే సైట్ పుషర్ వాడండి, ముందురోజే గాడిలో తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి ఉంచండి, ఇప్పుడున్న చోట పెన్సిల్‌తో గీత గీసుకోండి. పుషర్ దొరక్కపోతే ఇత్తడి కడ్డీ పెట్టి చిన్న చిన్న తట్లు, అదీ బ్యారెల్‌ని వైస్ (బిగించి పట్టే పనిముట్టు) మెత్తని దవడల మధ్య బిగించాక.

పైకి పోవడం మాట. ఫోర్‌సైట్ పొడుగు పెరిగితే తూటా కిందికి దిగుతుంది, తగ్గితే పైకి వెళ్తుంది. మీ షాట్లు ఇప్పటికే పైకి పోతున్నాయి, కాబట్టి ఆకురాయి పట్టుకుంటే రోగం ఇంకా ముదురుతుంది, అరగదీసిన ఇనుము మళ్లీ రాదు. పాత రైఫిళ్లు వాడేవాళ్ల చిట్కా ఒకటుంది: కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగులో బిగువుగా పట్టే ముక్క ఒకటి కోసి ఫోర్‌సైట్ పుల్లకి తొడగండి, పైన రెండు మూడు మిల్లీమీటర్లు మిగిలేలా. మీకు కావాల్సింది 1.56 మిల్లీమీటర్ల దాకా. షాట్లు ముందు కిందికి దిగుతాయి, అప్పుడు బ్లేడుతో కొంచెం కొంచెం కోస్తూ గురి దగ్గరికి తెచ్చుకోండి. అసలు సైట్‌కి గీత కూడా పడదు.

ఇదంతా చేసేముందు ఒకే రకం తూటాలు ఎంచుకోండి. ఈ సైట్ గీతలు 1908 నాటి 9.6 గ్రాముల తేలిక బుల్లెట్ కోసం వేసినవి, 11.8 గ్రాముల బరువు బుల్లెట్‌తో ఎత్తు మారిపోతుంది. ఇంకొకరి చేత కూడా ఒక గ్రూప్ కాల్పించండి. ట్రిగ్గర్ లాగేటప్పుడు గుంజే అలవాటు ఉంటే తప్పు సైట్ మీద పడుతుంది, ఒక పక్కనుంచి ఎండ పడి పుల్ల ఒక అంచే మెరుస్తున్నా అంతే.

ప్రశ్న: మాది లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4. ఎడమా కుడీ బాగానే ఉంది, కిందికి మాత్రం పడుతున్నాయి.

జవాబు: మీకు ప్లాస్టిక్ తొడుగు తిప్పలు లేవు. దీనికి వేర్వేరు ఎత్తుల్లో ఫోర్‌సైట్ బ్లేడ్లు తయారయ్యేవి, మీకు ఇప్పుడున్న దానికన్నా పొట్టిది కావాలి. మార్చేముందు సైట్ దిమ్మ మీద బిగింపు స్క్రూ ఉందేమో చూసి, ఉంటే వదులు చేయండి. అది చేయకుండా కొడితే దిమ్మ చెడుతుంది, సైట్ మాత్రం కదలదు.

ప్రశ్న: ఫోర్‌సైట్ పక్కకి జరగలేదు గానీ మొత్తంగా కుడికి ఒరిగి, గడియారంలో ఒంటిగంట దగ్గర ముల్లులా కనిపిస్తోంది. జరిపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. బ్యారెల్ రిసీవర్‌లోకి (బోల్ట్ కదిలే వెనక భాగంలోకి) కాస్త ఎక్కువో తక్కువో తిరిగి బిగిసి ఉంటుంది. అడుగున రెండింటి మీదుగా కొట్టిన గుర్తు గీత వరసలో ఉందో లేదో చెక్క విప్పి చూడండి. వరసలో లేకపోతే బ్యారెల్‌ని తిప్పాల్సింది గన్‌స్మిత్తే, ఎందుకంటే కాస్త తిప్పినా హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ ఛాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) మారుతుంది, గేజ్‌తో మళ్లీ కొలవకుండా కాల్చకూడదు. గీత వరసలోనే ఉండి, ఒరుగు కంటికి మాత్రమే తెలుస్తూ, షాట్లు గురి దగ్గరే పడుతుంటే అలాగే వదిలేయండి.