పాత పత్రం చూసి రాసిన శాసనం చెల్లుతుందా?

ప్రశ్న: నేను ఎం.ఏ. హిస్టరీ విద్యార్థిని. 1348లో బొహీమియా (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) రాజు నాలుగో చార్లెస్ ప్రాగ్ యూనివర్సిటీకి ఇచ్చిన స్థాపన శాసనంలో కొన్ని మాటలు, 1224లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ ఇటలీలోని నేపుల్స్ యూనివర్సిటీ కోసం రాయించిన లేఖ నుంచి తీసుకున్నవని మా సార్ చెప్పారు. కాపీ కొట్టిన పత్రం చట్టప్రకారం చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది. మీ ఇంట్లో పాత సేల్ డీడ్ ఉంటే తీసి చూడండి. 'పుత్రపౌత్ర పారంపర్యంగా', 'దాన విక్రయాది సర్వహక్కులతో' అని ఉంటుంది. అవి మీ తాతగారి సొంత మాటలు కావు, డాక్యుమెంట్ రైటర్ దగ్గరున్న నమూనాలోవి. అంతమాత్రాన పొలం చేతులు మారకుండా పోలేదు కదా!

ఆ రోజుల్లో యూరప్‌లో లేఖ రాయడం ఒక శాస్త్రం. ఆర్స్ డిక్టామినిస్ అనేవారు. సంబోధన, పీఠిక, జరిగిన విషయం, కోరిక, ముగింపు అని లేఖకు ఐదు భాగాలు. ఫ్రెడరిక్ ఆస్థాన అధికారి పియెరో దెల్లా విన్యా పేరుతో చలామణి అయిన లేఖల సంకలనం తర్వాతి రాజుల లేఖకులకు రెడీమేడ్ నమూనా. చదువు కోసం ఆకలిగొన్నవాళ్లు పరాయి దేశాల్లో అడుక్కునే అవసరం రాకూడదని నేపుల్స్ లేఖ అంటుంది. ప్రాగ్ శాసనంలోనూ అదే ఆకలి, అదే అడుక్కోవడం. కాకపోతే స్వదేశంలోనే భోజనం వడ్డించి ఉంటుందన్న మాట కలిసింది. ఇదంతా పీఠిక. శాసనానికి బలం రాజు అధికారం నుంచీ, ముద్ర నుంచీ వచ్చింది. యూనివర్సిటీ పెట్టడానికి పోప్ ఆరో క్లెమెంట్ అనుమతి 1347 జనవరిలోనే వచ్చింది.

కాపీరైట్ టెన్షన్ కూడా వద్దు. అలాంటి చట్టం ఇంగ్లండ్‌లోనే 1710లో గానీ రాలేదు.

లాయర్‌గా నన్ను ఆపే వాక్యం వేరే ఉంది. పారిస్ యూనివర్సిటీలోనూ, ఇటలీలోని బొలోన్యా యూనివర్సిటీలోనూ అధ్యాపకులకూ విద్యార్థులకూ ఉన్న హక్కులన్నీ ఇక్కడా ఉంటాయని శాసనం చెబుతుంది. వినడానికి బాగుంది. కానీ పారిస్‌లో పెత్తనం అధ్యాపకులది, బొలోన్యాలో విద్యార్థులది. రెండూ ఒకే చోట ఎలా అమలు చేస్తారు? 1372లో ప్రాగ్ లా విభాగం విడిపోయి సొంత యూనివర్సిటీగా ఏర్పడింది. ఈ ఒక్క వాక్యమే దానికి కారణమని నేను అనను. కానీ ఇలాంటి క్లాజు నా టేబుల్ మీదికి వస్తే తిరగరాయమంటాను.

మీ థీసిస్‌కు ఒక మాట. ఆ పీఠిక చూపించి 1348 నాటి బొహీమియా ప్రజలు చదువు కోసం అలమటించారని రాయకండి. అది నమూనాలోని మాట, సాక్ష్యం కింద నిలవదు. నమూనాలో ఉండి, ఇక్కడ రాయకుండా వదిలేసినవి చూడండి. తన ప్రజలు చదువుకు బయటికి వెళ్లకూడదని ఫ్రెడరిక్ నిషేధం పెట్టాడు. చార్లెస్ శాసనంలో ఆ నిషేధం లేదు.