ముందు సంఘం కట్టుకో

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

వాతావరణ మార్పుతో నష్టపోతున్న స్త్రీలను కూడగట్టి పనిచేయాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. సభల్లో ఎలా మాట్లాడాలన్నది తరువాతి సంగతి. ముందుగా నీకు సభ్యత్వ పుస్తకమూ, తీర్మానాలు రాసుకునే అలవాటూ ఉన్న ఒక సంఘం కావాలి.

1974లో హిమాలయాల్లోని గఢ్వాల్ కొండల్లో ఉన్న రేణీ గ్రామానికి చెట్లు నరికేవారు వచ్చినప్పుడు మగవాళ్లు ఊళ్లో లేరు. గౌరాదేవి స్త్రీలను వెంటబెట్టుకుని అడవికి వెళ్లి ఆ నరికివేతను ఆపించింది. ఆమె అప్పటికే మహిళా మంగళ్ దళ్ అనే ఆ ఊరి స్త్రీల సంఘానికి నాయకురాలన్న సంగతిని చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. నా దృష్టిలో అదే ముఖ్యం.

ఒంటరిగా వెళ్లడానికీ, సంఘంగా వెళ్లడానికీ ఉన్న తేడా న్యాయస్థానంలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. వడగాడ్పుల వల్ల వృద్ధ స్త్రీల ప్రాణాలకు ముప్పు ఎక్కువని, భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలను ప్రభుత్వం తగినంతగా తగ్గించడం లేదని స్విట్జర్లాండ్‌లోని వృద్ధ మహిళల సంఘం వేసిన కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2024 ఏప్రిల్ 9న తీర్పు చెప్పింది. వ్యక్తులుగా చేరిన నలుగురు స్త్రీల అర్జీలను విచారణార్హం కావని తోసిపుచ్చి, సంఘం అర్జీని మాత్రం స్వీకరించి, ప్రభుత్వం హక్కుల ఉల్లంఘనకు పాల్పడిందని తేల్చింది.

సంఘం ఏర్పడ్డాక నష్టాన్ని తేదీలతో రాయించు. భూమి పత్రం తన పేరున లేని స్త్రీకి పరిహారం అందడం కష్టం కనుక, నీటి కోసం నడిచిన దూరం, పోగొట్టుకున్న కూలి, ఆడపిల్లలు బడి మానిన రోజులు, ఇవన్నీ ఎవరి పేరు మీద వారికి నమోదు కావాలి.

పర్యావరణ సేవ పేరుతో స్త్రీల చేత ఉచితంగా పని చేయించే పద్ధతిని ఒప్పుకోకు. కెన్యాలో 1977లో వంగారి మాతాయ్ ప్రారంభించిన గ్రీన్ బెల్ట్ ఉద్యమం, బతికిన ప్రతి మొక్కకూ స్త్రీలకు కొంత సొమ్ము చెల్లించింది.

చివరగా, భద్రత. నదిపై ఆనకట్టను వ్యతిరేకించినందుకు హోండురాస్‌లో బెర్తా కాసెరెస్‌ను 2016 మార్చిలో ఆమె ఇంట్లోనే చంపేశారు. ఆమె స్థాపనలో పాలుపంచుకున్న సంఘం మాత్రం పనిని ఆపలేదు. అందుకే ప్రతిసారీ నీవే ముందు నిలబడకుండా, మాట్లాడే బాధ్యతను వంతులవారీగా పంచు. బెదిరింపు వస్తే ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, దాని నకళ్లను వేర్వేరు ఇళ్లలో ఉండే ఇద్దరు సభ్యుల దగ్గర దాచిపెట్టు.

ఇట్లు,
నీ పెద్దమ్మ