ఒకటి–ఒకటి

తమ్ముడూ,

నువ్వు పంపిన మహిళల ఫుట్‌బాల్ మ్యాచ్ రిపోర్ట్ రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే "పేలవమైన డ్రా" అని తేల్చేశావు. ఆ తర్వాత నాలుగు పేరాల నిండా ఏ నిమిషంలో ఎవరు ఎవరికి పాస్ ఇచ్చారో ఉంది గానీ, చివరి విజిల్ మోగాక ఎవరి మొహం ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. డ్రాలో నేను ముందు చూసేది అదే. లెక్క ప్రకారం చెరో పాయింటు, నిజమే, కానీ ఒకరు దాన్ని సంపాదించుకుని వెళ్తారు, ఇంకొకరు గెలిస్తే దక్కే మిగతా రెండు పోగొట్టుకుని వెళ్తారు.

అయితే ఎవరు ఎవరన్నది అంత తొందరగా చెప్పకు. 2023 అక్టోబర్ 8న ఇంగ్లండ్ విమెన్స్ సూపర్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ, చెల్సీ 1-1తో ముగించాయి. క్లోయీ కెల్లీ మొదట్లోనే సిటీ తరఫున గోల్ కొట్టింది. హాఫ్‌టైమ్ కాకముందే, ఫ్రీకిక్ తీసుకోవడానికి ఆలస్యం చేసిందని అలెక్స్ గ్రీన్‌వుడ్‌కి రెండో ఎల్లో కార్డు, సెకండాఫ్‌లో లారెన్ హెంప్ కూడా బయటికి. సిటీ తొమ్మిది మందితో ఎలాగో లాక్కొస్తుంటే ఇంజురీ టైమ్‌లో చెల్సీ తరఫున గూరో రైటన్ స్కోరు సమం చేసింది. ఆ రాత్రి రాయమంటే నేనూ "తొమ్మిది మంది మీద గెలవలేక చెల్సీ రెండు పాయింట్లు పారేసుకుంది" అనే రాసేవాణ్ని. సీజన్ అయ్యాక చూస్తే రెండు జట్లవీ ఒకే అంకెలు: 22 మ్యాచ్‌లు, 18 గెలుపులు, 3 ఓటములు, 55 పాయింట్లు. రెండింటికీ ఉన్న ఒకే ఒక్క డ్రా ఇదే! గోల్స్ తేడాతో చెల్సీ ఛాంపియన్ అయింది. రైటన్ గోల్ పడకపోయి ఉంటే సిటీకి 57, చెల్సీకి 54. అందుకే తీర్పు మానేసి చూసింది రాయమంటున్నా.

ఇంకోటి, కొంచెం కోపంగానే చెబుతున్నా. "అమ్మాయిలైనా చెమటోడ్చి ఆడారు" అన్నావు. ఆ "అయినా" ఏంటి? జీతం తీసుకుని ఆడే ప్రొఫెషనల్స్ వాళ్లు, చెమటోడ్చడం వాళ్ల ఉద్యోగం. కొట్టెయ్.

నీ రిపోర్ట్‌లో నాకు నచ్చిన వాక్యం ఎక్కడో మూడో పేరా చివర దాక్కుంది. 89వ నిమిషంలో గోల్‌కీపర్ బంతిని గుండెలకు హత్తుకుని లేచి నిలబడింది, రెఫరీ చెయ్యెత్తి చివరి అయిదు సెకన్లు వేళ్లతో లెక్కపెడుతోంది, ఎనిమిది సెకన్లు దాటితే ఎదుటి జట్టుకి కార్నర్ ఇస్తారని తెలిసి కూడా గోల్‌కీపర్ ఆఖరి వేలు దాకా ఆగింది. ఆ ఒక్క పాయింటు ఎవరికి కావాలో అక్కడ తెలిసిపోతోంది కదా! దాన్ని పైకి తీసుకురా, పాస్‌ల జాబితా సగానికి సగం తీసేయ్.

ఆదివారం లోపు తిరగరాసి పంపు. అన్నట్టు, ఆ గోల్‌కీపర్ ఏ జట్టో రాయడం మర్చిపోయావు.